విత్తనమా, గడ్డిచాపా? – చల్కా నేలలో ఒక పచ్చిక చరిత్ర

నిరుడు వేసవిలో, ఊళ్ళో కట్టుకొంటున్న ఇంటికి ఇంకా రంగులైనా పూర్తి కాకముందే, మా అబ్బాయి టెక్సాసు నుండి ఫోను చేసి ఒక ప్రశ్న వేశాడు. "నాన్నా, ఇంటి ముందర రెండు గుంటల జాగా ఉంది గదా, అక్కడ లాన్ వేయిద్దాం. విత్తనం చల్లుదామా, షీట్లు పరిపిద్దామా?" వాడి ఉద్దేశంలో షీట్లే మేలు. దసరాకు గృహప్రవేశం, వాడు వచ్చేది పది రోజులకు, ఆ పది రోజుల్లో పిల్లలు పచ్చిక మీద ఆడుకోవాలి. లారీలో చుట్టలుగా వచ్చిన గడ్డిని చాపలాగా పరిచి నీళ్ళు కొడితే సాయంత్రానికి లాన్ తయారు. విత్తనమైతే ఎప్పుడు మొలుస్తుందో, మొలిచినది గడ్డో కలుపో ఎవరు చెప్పాలి?

మాది నల్లగొండ జిల్లా పడమటి భాగం, దేవరకొండ వైపు. అటు నాలుగు కోసులు పోతే పాత మహబూబ్‌నగర్ జిల్లా. ముప్పై రెండేళ్ళు పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ఏ చిన్న ప్రశ్న ఎదురైనా దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వకుండా ఉండలేని జబ్బు నాకు ఒకటి మిగిలింది. అబ్బాయికి వెంటనే జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని మా చిన్నాయనతో ఈ సంగతి చెప్పాను. నాయన పోయిన తరువాత ఆ నాలుగెకరాలనూ దున్నుతున్నది ఆయనే. ఎనభై దాటిన మనిషి. విని కొంతసేపు ఏమీ మాట్లాడలేదు.

"షీట్లంటే ఏం గడ్డిరా అది?"

"గరికలాంటిదే చిన్నాయనా. గరికలోనే సన్న రకం."

"యాభయ్యేండ్లసంది ఈ చేన్లకెల్లి గరిక పీకి పీకి గట్టుకు పారేస్తున్న. నా నడుము వంగింది దానితోనే. ఇప్పుడు నువ్వు పైసలిచ్చి లారీల దెప్పిస్తనంటవా బిడ్డా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పల్లెటూరి వాసన తెలిసిన చదువరులకు గరిక సంగతి చెప్పనక్కరలేదు. నేల మీద తీగలా పాకుతుంది, నేల లోపల కూడా పాకుతుంది. నాగలి దున్నినా, గుంటుక తోలినా అది చావదు సరిగదా, తెగిన ప్రతి ముక్కా ఒక కొత్త మొక్క అవుతుంది. కనుకనే ఎండాకాలంలో లోతుగా దున్ని, వేళ్ళను ఏరి కుప్పవేసి ఎండబెట్టడం మా తాతల కాలం నుండి ఒక యజ్ఞం. అదే గరికను వినాయక చవితి నాడు దూర్వాయుగ్మం అని ఇరవైయొక్క పత్రులలో ఒకటిగా పూజకు పెడతాము. చేలో శత్రువు, పీట మీద దైవప్రీతి! దూర్వను స్తుతించే వేదమంత్రం ఒకటి ఉంది. అది కణుపు కణుపు నుండీ మొలుచుకు వస్తుందని అందులో వర్ణన. విత్తనం ఊసే లేదు. గరికను దగ్గరగా చూసినవాడెవడో చెప్పిన మాట అది. మా అబ్బాయి ప్రశ్నకు వేదకాలంలోనే ఒక జవాబు దొరికిందని నాకు తోచింది.

నున్నగా కత్తిరించిన పచ్చిక మాత్రం మన వేదానికీ తెలియదు, మన మొగలు తోటలకూ తెలియదు. మొగలు తోట అంటే కాలువలు, ఫౌంటెన్లు, పళ్ళ చెట్లు, పూల పాదులు. ఆగ్రాలోని తాజ్‌మహల్ ముందర ఈనాడు మనం ఫొటోలు దిగే విశాలమైన పచ్చిక కర్జన్ ప్రభువు చలవ. 1899 నుండి 1905 వరకు వైస్రాయిగా ఉన్న ఆయన పురాతన కట్టడాల మరమ్మతు మీద ఎంతో శ్రద్ధ పెట్టాడు. దానితోపాటే ఆంగ్లేయ ప్రభువుల ఇళ్ళ ముందరి ముచ్చటనూ తెచ్చి పెట్టాడు. గుబురుగా పెరిగిన చెట్లు పోయి పచ్చిక వచ్చింది. అటుపిమ్మట పురావస్తుశాఖ వారు ఏ కట్టడాన్ని రక్షించినా చుట్టూ కంచె, లోపల పచ్చిక, ఒక నీలి బోర్డు అనేది ఆనవాయితీ అయింది. ఆలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల మధ్య నడిచేవారు కాలికింద ఉన్న గడ్డిని గూర్చి ఆలోచించరు. ఏడవ శతాబ్దపు గుడికి ఇరవయ్యో శతాబ్దపు పచ్చిక!

ఆ ముచ్చట అంతగా వ్యాపించడానికి ఒక యంత్రం కారణం. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్‌కు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కు, ఉన్నిబట్టల మిల్లులో బట్ట మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, దానిని నేల మీద దొర్లిస్తే గడ్డినీ కత్తిరించవచ్చునని ఊహించాడు. 1830లో పేటెంటు పుచ్చుకొన్నాడు. అంతకుమునుపు పచ్చిక ఉంచుకోవాలంటే కొడవలి పట్టే కూలీలయినా ఉండాలి, గొర్రెలయినా ఉండాలి. మా పాలమూరు, నల్లగొండ మెట్టల్లో గొర్రెలకు కొదువ లేదు. దక్కని నల్ల గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన గొంగడి లేని ఇల్లు నా చిన్నతనంలో లేదు. ఉన్నినూగు కత్తిరించిన యంత్రం గడ్డికోత యంత్రమై లోకమంతా తిరిగి, చివరకు గొంగడి పోయిన ఊళ్ళోకి వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. మన దేశంలో తోటమాలులు పచ్చిక పెంచడానికి నాలుగు దారులు చెబుతారు. విత్తనం చల్లడం ఒకటి. గరిక వేళ్ళను తెచ్చి వరినాటులాగా కొద్ది దూరంలో గుచ్చడం రెండవది. మూడవది మన ఇంటి ముంగిలి అలుకును పోలినది: గరికను సన్నగా తరిగి, తోటమట్టిలో, పచ్చిపేడలో, నీళ్ళలో కలిపి ముద్దచేసి నేల మీద పూయడం. నాలుగవది మట్టితో సహా కోసుకువచ్చిన గడ్డిచాపను పరవడం. మా అబ్బాయి అడిగింది మొదటిదానికీ చివరిదానికీ నడుమ తగాదా. మధ్యలోని రెండింటి సంగతి వాడికి తెలియదు, వాడికి కనిపించిన బొమ్మల్లో అవి ఉండవు.

విత్తనం ముందు చూశాను. నల్లగొండ పట్నంలో ఒక దుకాణంలో పొట్లం దొరికింది. గరిక గింజ ఎంత సన్నమంటే కిలోకు నలభై లక్షల వరకు తూగుతాయి. చదరపు మీటరుకు రెండున్నర గ్రాములు చాలునంటారు. రెండు గుంటలంటే రెండువందల చదరపు మీటర్ల పైచిలుకు కాబట్టి అరకిలోతో పని తీరుతుంది. పొట్లం తిప్పి చూస్తే గింజ పండినది అమెరికాలో. ఈ గరిక గింజలో ఎక్కువ భాగం ఆరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో కాలువల నీటి కింద పండిస్తారు. మన గట్టు మీద ఊరికే పెరిగే గడ్డి విత్తనం సముద్రాలు దాటి రావలసిన అవసరం ఏమిటంటే, మన గరిక మొలకెత్తగల గింజను చాలా తక్కువగా పడుతుంది. కణుపుతోనే బతకగలదానికి గింజతో పనేమిటి?

ఆ సన్నగింజకు మా నేల కూడా అనుకూలం కాదు. చల్కా నేల అంటే ఎర్రని ఇసుకపాలు ఎక్కువగా ఉన్న మట్టి. ఒక జడివాన పడి ఎండ కాసిందంటే పైపొర అట్టకట్టి గట్టిపడుతుంది. జొన్న మొలక ఆ అట్టను పగలగొట్టుకొని వస్తుంది గాని, చిటికెడు దుమ్ములాంటి గరిక గింజకు ఆ శక్తి లేదు. నీరు పోసి పోసి పైపొరను మూడు వారాల పాటు తడిగా ఉంచాలి. అదీగాక తొలకరికి మన భూమిలో నిద్రపోతున్న తుంగ, తక్కిన కలుపు గింజలన్నీ ఆ నీటికే ముందుగా లేస్తాయి.

మరి షీట్లో? అక్కడ నాకు ఊహించని చరిత్ర ఒకటి ఎదురైంది. మేలురకం గడ్డిచాపల్లో ఎన్నో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊరి పరిశోధనా కేంద్రంలో పుట్టినవి. అక్కడ గ్లెన్ బర్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1936 నుండి దశాబ్దాల పాటు గరిక మీద పనిచేశాడు. మామూలు గరికకూ ఆఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ గరికకూ పుట్టిన సంకరమైన టిఫ్‌వే అనే రకాన్ని 1960లో విడుదల చేశాడు. లోకంలోని గోల్ఫు మైదానాలలో, ఆటస్థలాలలో ఇవాళ కనిపించే పచ్చికలో గొప్ప భాగం ఆ కుటుంబానిదే. మామూలు గరిక కణంలో క్రోమోజోములు 36, ట్రాన్స్‌వాల్ గరికలో 18, సంకరానికి 27. బేసి లెక్క కనుక గింజ కట్టదు. గొడ్రాలు. దానిని పెంచాలంటే తీగనో చాపనో మోసుకుపోవలసిందే, వేరే దారి లేదు. మా అబ్బాయి 'షీట్లు' అన్నప్పుడు అది వాడి తొందర మాత్రమే అనుకొన్నాను గాని, ఆ గడ్డి పుట్టుకలోనే విత్తనానికి తావు లేదన్నమాట.

ఆ బర్టనే సజ్జ పైరు మీదా పనిచేశాడు. టిఫ్ట్ 23ఏ అని సజ్జలో ఒక మగవంధ్య రకాన్ని తయారుచేస్తే, దానిని ఆడతల్లిగా తీసికొని లూధియానాలో మన శాస్త్రజ్ఞులు 1965లో హెచ్‌బీ-1 అనే సంకర సజ్జను విడుదల చేశారు. ప్రపంచంలో తొలి సంకర సజ్జలలో అది ఒకటి. అప్పట్లో మా మెట్ట జనానికి జొన్న, సజ్జ, ఆముదం, కందులే ఆధారం. చిన్నాయనను అడిగితే 'హైబ్రిడ్ సజ్జ' వచ్చిన ఏడు ఆయనకు గుర్తుంది. మొదట్లో కంకి చూసి మురిసిపోయారట. పిమ్మట 1970ల తొలినాళ్ళలో వెర్రికంకి తెగులు దేశమంతటా ఆ తల్లి నుండి వచ్చిన సంకరాలను పట్టి పీడించింది. కంకిలో గింజకు బదులు ఆకులు పుట్టుకువచ్చేవి. "గింజ కావలెనని ఏస్తే గడ్డి మొలిచింది," అన్నాడు చిన్నాయన. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ స్థాపించాక సజ్జ తెగులును తట్టుకొనే రకాలను వెదకడం వారి ముఖ్యమైన పనుల్లో ఒకటి అయింది. లోకానికి మెత్తని పచ్చికను ఇచ్చిన చేయి, మా సంకటిలోనూ ఒక వేలు పెట్టిందని తెలిసినప్పుడు నాకు కలిగినది కోపమా, ఆశ్చర్యమా అంటే చెప్పలేను. ఆయన దోషమేమీ లేదు. ఒకే తల్లిని దేశమంతటా నాటిన తొందర మనది.

విత్తనం అన్న మాట మా రెండు జిల్లాలలో మామూలు మాట కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ ఉంది, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. సూరత్‌లో 1970లో తొలి సంకర పత్తి హెచ్-4 విడుదలైన తరువాత, ఆ సంకర విత్తనాన్ని పువ్వు పువ్వుకూ చేతితో చేయవలసి వచ్చింది. సాయంత్రం మొగ్గలోని కేసరాలను తీసివేయాలి, మర్నాటి ఉదయం మగపువ్వు పుప్పొడిని అద్దాలి. నడిగడ్డలో ఆ పని చాలాకాలం ఎక్కువగా ఆడపిల్లలే చేశారు. సన్నని వేళ్ళు, తక్కువ కూలి, బడి మానివేత. దాని మీద తరువాత ఎంత గొడవ జరిగిందో పత్రికలు చదివేవారికి తెలుసు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక సీడుపత్తి మడులు ఇంకా పెరిగాయి. ఒక సీజను పిల్లల వేళ్ళు కదిలితే తప్ప కట్టని కాయ అది, అందులోని విత్తనం రైతు మళ్ళీ దాచుకొని వేసుకోవడానికి పనికిరాదు.

మట్టిని పెళ్ళగించి మోయడం కూడా మాకు కొత్త కాదు. పాలమూరు లేబరు అన్న పేరు దేశంలో ఆనకట్ట కట్టిన ప్రతిచోటా వినిపించింది. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సుకు తలవంచి, పిల్లాజెల్లా తట్టాపారా సర్దుకొని, ఆర్నెల్లు ఏడాది ఎక్కడో గుడారాలలో బతికి వచ్చేవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్‌లో రాయి మోసినవారిలో మా మేనమామ ఒకడు. 124 మీటర్ల రాతికట్టడం అది, యంత్రాలకంటే మనుషుల నెత్తులే ఎక్కువ మోశాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలినప్పుడు ఆ నీళ్ళు మిర్యాలగూడ వైపు పారాయి, మా దేవరకొండ గుట్టల మీదికి ఎక్కలేదు. మాకు మిగిలింది బోరుబావి. అందులో ఫ్లోరైడు. నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దాటిన నీటిని తరాల తరబడి తాగి నడుములు వంగినవారు, కాళ్ళు వంకరలు పోయినవారు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికి ఒకరు. పటికతో, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని ప్రపంచమంతటా పేరు. మా జిల్లా పేరు అలా ఎక్కింది విజ్ఞాన గ్రంథాలలోకి. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాను లేచాక కృష్ణ నీళ్ళు నల్లాలో వచ్చాయి. చిన్నాయన నడుము వంగింది గరిక పీకినందుకేనని ఆయన అంటాడు. నాకు అనుమానమే, కాని ఆ వయసులో ఆ మాట ఆయనతో ఎవరు అంటారు?

లెక్క వేయక తప్పలేదు. ఎండ రోజుల్లో పచ్చికకు చదరపు మీటరుకు అయిదు లీటర్ల చొప్పున నీరు కావాలి. రెండు గుంటలకు రోజుకు వెయ్యి లీటర్లు. భగీరథ లెక్కలో పల్లెల్లో మనిషికి రోజుకు వంద లీటర్లు. అంటే పదిమందికి సరిపోయే నీళ్ళు పిల్లలు పది రోజులు ఆడుకొనే గడ్డికి. ఏడాదికి ఆరువందల నుండి ఏడువందల యాభై మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలు మావి. అదీ నాలుగు నెలల్లోనే. ఈ లెక్క అబ్బాయికి రాసి పంపితే, "అక్కడ బోరు ఉంది గదా" అన్నాడు. అక్కడ బోరు ఉన్నది. అదే చిన్నాయన కంది చేనుకూ ఆధారం.

షీట్ల బేరం కూడా తెలుసుకొన్నాను. గోదావరి జిల్లాల కడియం నర్సరీల నుండి తెప్పిస్తామని పట్నంలో ఒక దుకాణదారు చెప్పాడు. ఆ గడ్డి వెంట అక్కడి ఒండ్రుమట్టీ వస్తుంది, మట్టిలో దాగి తుంగ గడ్డలూ వస్తాయి. మా ఇసుకపాటి ఎర్రనేల మీద ఆ బరువైన మట్టి ఒక పొరగా కూర్చుంటే వేరు కిందికి దిగడానికి బద్ధకిస్తుందనీ, ఆ పలుచని పొరలోనే బతుకుతూ ఒక్కరోజు నీళ్ళు లేకపోతే ఎండిపోతుందనీ తోటపని తెలిసినవారు అన్నారు. ఊరి నుండి ఊరికి మార్చిన వస్తువులను నేను తక్కువ చేయను. శ్రీశైలం జలాశయం కింద మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురానికి తెచ్చి నిలబెట్టారు. సాగర్ నీటి కింద పోయిన నాగార్జునకొండ లోయ కట్టడాలను కొండ మీదికీ, ఆవలి గట్టున అనుపుకూ మార్చారు. వాటిని చూసినప్పుడు కృతజ్ఞతే కలుగుతుంది. అయితే రాతికి దాహం వేయదు.

చివరకు మేము విత్తనమూ వేయలేదు, చాపా పరవలేదు. రెండు గుంటలను అరగుంటకు తగ్గించాను. మిగిలిన జాగాలో సీతాఫలం, వేప. ఆరుద్ర కార్తెలో ఒక మంచి వాన పడ్డ మరుసటి రోజు, చిన్నాయన తాను యాభయ్యేళ్ళు పీకి పారేసిన గట్టు దగ్గరకే నన్ను తీసుకుపోయి, పారతో ఒక తట్టెడు గరిక లేపాడు. కత్తిపీట మీద సన్నగా తరిగాము. మా వదినె పచ్చిపేడ, మట్టి కలిపి అలుకుముద్ద చేసింది. దానిని చదునుచేసిన నేల మీద పరిచి, పైన ఇంత పొడిమట్టి చల్లి, గోనెపట్టాలు కప్పి తడిపాము. పని ఒక్క పూట. ఖర్చు చిన్నాయనకు ఒక బీడీ కట్ట.

పదకొండవ నాడు కణుపులు పచ్చబడ్డాయి. ఆపైన పదిహేను రోజులు వాన ముఖం చాటేసింది. నడుమ రెండుచోట్ల జానెడు జానెడు మేర ఎండిపోయి బోడిగా మిగిలింది. అబ్బాయి వచ్చేనాటికి పచ్చిక కార్పెటులాగా లేదు, చిన్నాయన గడ్డంలాగా అతుకులు అతుకులుగా ఉంది. వాడి మొగం చూసి నాకు కొంచెం జాలి వేసింది. పిల్లలకు మాత్రం ఆ తేడా తెలియలేదు, బోడినేల మీదనే గోళీలాట నేర్చుకొన్నారు.

కార్తీకం వచ్చింది. నీళ్ళు పట్టడం పదిరోజులకు ఒకమాటు చేశాను. నిన్న పొద్దున చూస్తే ఎండిన చోట్ల రెండిటికీ చుట్టూ నుండి తీగలు కణుపు కణుపుగా పాకి వచ్చాయి. అంతేకాదు, ఇటుకల అంచు దాటి చిన్నాయన కందిచేను వైపు కూడా ఒక తీగ పోతున్నది. ఆయన చూసి, వంగి, దానిని పీకి నా చేతికి ఇచ్చాడు.

"నీ గడ్డి నీ దిక్కే ఉంచుకో బిడ్డా," అన్నాడు.

రేపు ఆ ఇటుకల కింద ఒక జానెడు లోతున నాపరాళ్ళు పాతాలి. అంతకంటే తక్కువ లోతైతే అది ఆగదట.